కంచుకు చెట్టు మోడు ఎందుకు?

నా రాతబల్ల మీద ఒక కంచు యువకుడు డిస్కస్ విసరబోతూ నిలబడి పదకొండేళ్లయింది. మూరెడు ఎత్తు ఉంటాడు. ఒంటి బరువంతా కుడికాలి మీద మోపి, నడుము వంచి, డిస్కస్ పట్టిన కుడిచేతిని వెనక్కి ఎంతవరకు పోతుందో అంతవరకు లాగి పట్టాడు. ఎడమచేయి కుడి మోకాలి పక్కకు వచ్చి ఆగింది. ఎడమపాదం వేళ్లు నేలను రాసుకుంటున్నాయి. ఎక్కుపెట్టిన విల్లులా ఉంటాడు.

ఇంటికి వచ్చినవాళ్లు చాలామంది వాణ్ని రెండు చేతులతో ఎత్తి చూస్తారు. బరువుకు ఆశ్చర్యపోతారు. వీపు మీద కండరాల వరుసను బొటనవేలితో తడుముతారు. ఆ తరువాత తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది: "ఇది అసలుదా, నకలా?" నకలని చెప్పగానే బొమ్మ బల్ల మీదికి దిగుతుంది. ఎత్తేటప్పుడు రెండు చేతులు కావలసి వచ్చినవాళ్లకు దించేటప్పుడు ఒక్క చేయి చాలుతుంది. ఆ ఒంటిచేతి దింపుడు నన్ను ప్రతిసారీ బాధపెడుతుంది. పోయినవారం ఒక దగ్గరి మిత్రుడే అలా దించాడు. అతనికి ఆ సాయంత్రం సరిగా చెప్పలేకపోయినదంతా ఇక్కడ చెప్పాలని కూర్చున్నాను.

గ్రీకు క్రీడాకారుల కంచు శిల్పాల దగ్గర "అసలా, నకలా" అన్న ప్రశ్నకు అర్థం లేదని నా నమ్మకం. అడగవలసినవి వేరే రెండు ఉన్నాయి. దేన్ని చూసి చేశారు? ఎవరు పోశారు?

మొదటిదానితో మొదలుపెడతాను. ఈ భంగిమను క్రీస్తుపూర్వం 460–450 ప్రాంతంలో మైరాన్ అనే గ్రీకు శిల్పి కంచులో పోశాడు. ఆ కంచు ఇప్పుడు లేదు. మైరాన్ చేతితో పోసినదని తిరుగులేకుండా చెప్పగల కంచు బొమ్మ ప్రపంచంలో ఒక్కటి కూడా మిగల్లేదు. కంచుకు ఉన్న కష్టమే అది. రాతి బొమ్మ పగిలితే ముక్కలు మిగులుతాయి. కంచు బొమ్మను కరిగిస్తే నాణేలవుతాయి, గిన్నెలవుతాయి, ఆయుధాలవుతాయి. కరువు వచ్చినా యుద్ధం వచ్చినా ముందు కొలిమిలోకి వెళ్లేది అదే. గ్రీసులో ఒలింపిక్ పోటీలు జరిగిన ఒలింపియాలో, గెలిచిన క్రీడాకారుల విగ్రహాలు బారులు తీరి ఉండేవి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో పౌసానియాస్ అనే యాత్రికుడు వాటిని చూస్తూ నడిచి, ఫలానావాడు కుస్తీలో గెలిచాడు, ఫలానావాడు పరుగులో గెలిచాడు అని ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. ఇవాళ అక్కడ మిగిలినవి చాలావరకు పీఠాలు. మాంటినియాకు చెందిన కినిస్కోస్ అనే కుర్రవాడు ముష్టియుద్ధంలో గెలిస్తే అతని విగ్రహాన్ని పోసింది మహాశిల్పి పోలిక్లీటోస్. ఆ పీఠం దొరికింది. దాని మీద పేరు ఉంది, పాదాలు దిగిన గుంటలు ఉన్నాయి. పాదాలు లేవు.

మిగిలిన కంచు బొమ్మలు ఎలా మిగిలాయో చూడండి. గ్రీసులోని డెల్ఫీ రథసారథి కొండచరియల కింద పడి, 1896లో తవ్వకాల్లో బయటపడ్డాడు. క్రొయేషియా తీరంలో ఒంటికి పట్టిన మట్టిని శుభ్రం చేసుకుంటున్న క్రీడాకారుడు సుమారు 45 మీటర్ల లోతున సముద్రం అడుగున పడుకొని ఉండగా 1996లో ఒక బెల్జియం ఈతగాడి కంట పడ్డాడు. 1999లో పైకి తీశారు. ఇటలీలోని హెర్క్యులేనియం అనే ప్రాచీన నగరపు పరుగువీరులను వెసూవియస్ అగ్నిపర్వతం దాచింది. కొండ, కడలి, నిప్పు కలిసి మనుషుల కొలిమి నుంచి కాపాడినవే ఇవన్నీ. డిస్కస్ విసిరేవాడికి ఆ అదృష్టం పట్టలేదు.

మరి వాడి రూపం మనకు ఎలా తెలిసింది? రోమన్లు చెక్కించుకున్న పాలరాతి ప్రతుల వల్ల తెలిసింది. రోమ్ నగరంలో ఎస్క్విలైన్ గుట్ట మీద 1781లో ఒక ప్రతి దొరికింది. మరో పదేళ్లకు తివోలిలో, హాడ్రియన్ చక్రవర్తి విడిదిలో ఇంకొకటి దొరికింది. దాన్ని చార్ల్స్ టౌన్లీ అనే ఇంగ్లీషు సంపన్నుడు కొన్నాడు. ఆయన పోయాక 1805లో అది బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. రెండూ క్రీస్తుశకం రెండో శతాబ్దంవి. అంటే మైరాన్ కంచు పోసిన ఆరు వందల ఏళ్లకు చెక్కినవి. లోహం రాయిగా మారింది, దేశం మారింది, కొన్న మనుషులు మారారు. అయినా పాఠ్యపుస్తకాల్లో మైరాన్ పేరు కింద వేసే బొమ్మ వీటిదే. మ్యూజియంలో వాటి ముందు నిలబడి "ఇది నకలే కదా" అని పెదవి విరిచి వెళ్లిపోయినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. రెండో శతాబ్దపు రోమన్ పనివాడు చేస్తే కళాఖండమైనది, పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ పోతపనివాడు చేస్తే అలంకరణ సామాను ఎలా అవుతుంది? మధ్యలో గడిచిన కాలం ఒక్కటే కారణమైతే, అది కళ మీద ఇచ్చిన తీర్పు కాదు, వయసుకు పెట్టిన దండం.

తెలుగువాళ్లకు ఈ సంగతి మరీ సులభంగా అర్థం కావాలి. నన్నయ స్వయంగా గంటం పట్టి రాసిన తాటాకు మన దగ్గర ఉందా? తిక్కనది ఉందా? ఉన్నవన్నీ ప్రతులకు ప్రతులు. తాటాకు పురుగు పట్టకముందే ఇంకొకరు కూర్చుని ఎత్తి రాశారు కాబట్టి భారతం మన చేతిదాకా వచ్చింది. ఎత్తి రాసిన లేఖకుడు చివర ఒక మాట చేర్చేవాడు: పుస్తకంలో ఎలా చూశానో అలా రాశాను, తప్పొప్పులకు నన్ను నిందించకండి అని. చార్ల్స్ ఫిలిప్ బ్రౌన్ కడపలోనూ ఇతర చోట్లా పండితులను కూర్చోబెట్టి చేయించిన పని ఏమిటి? ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, తేడాలు గుర్తించి, పాఠం నిర్ణయించడం. జర్మన్ పండితుడు ఫుర్ట్‌వాంగ్లర్ 1890లలో రోమన్ పాలరాతి ప్రతులను పక్కపక్కన పెట్టి, పోయిన గ్రీకు కంచును ఊహించడానికి చేసినది కూడా సరిగ్గా అదే. లేఖకుణ్ని మనం దొంగ అనం. పోతపోసినవాడిని ఎందుకు అనాలి?

ఇప్పుడు నా బల్ల మీది బొమ్మ దగ్గరకు వస్తాను. వాడి తొడ వెనక ఒక చెట్టు మోడు ఉంది. బెరడు గీతలతో సహా చక్కగా తీర్చారు. కొన్న కొత్తలో నాకది అందంగానే కనిపించింది, పొలంలోనో తోటలోనో ఆడుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. ఆ మోడు కథ తెలిశాక మాత్రం ఈ బొమ్మ నాకు నిజంగా దగ్గరైంది.

పాలరాయి బరువెక్కువ, లాగుడుకు ఓర్చుకోదు. ఒంటికాలి మీద ఒంగి, చేతులు రెండు దిక్కులకూ చాచిన మనిషిని రాతిలో చెక్కితే చీలమండ దగ్గర విరిగి పడతాడు. అందుకని రోమన్ పనివాడు తొడ వెనక ఒక మోడును వదిలిపెట్టాడు. అది ఊతకర్ర. కంచుకు ఆ అవసరం లేదు. లోపల డొల్లగా, గోడ పలుచగా పోసిన కంచు ఒంటికాలి మీద నిలుస్తుంది, చేయి ఎంత దూరం చాచినా విరగదు. మైరాన్ ఈ భంగిమను ఎంచుకునే ధైర్యం చేసింది చేతిలో కంచు ఉంది కాబట్టే. కనుక నా బొమ్మలో ఉన్న మోడు మైరాన్‌ది కాదు, రోమన్ పనివాడిది. కంచు రాయిగా మారినప్పుడు చేరిన ఊత, రాయి మళ్లీ కంచుగా మారినప్పుడు అక్కరలేకపోయినా వెంట వచ్చింది. లేఖకుడు చూసింది చూసినట్లు రాశాడు.

ఇది లోపమని కొందరు అంటారు. ఈ బొమ్మ ఏ దారిన నా ఇంటికి వచ్చిందో చెప్పే ఆనవాలు అదని నేను అంటాను. మోడు తీసేసి చేసిన ప్రతులూ ఉన్నాయి. మ్యూనిక్ విశ్వవిద్యాలయం లోపలి హాలులో పోలిక్లీటోస్ బల్లెంవీరుడి కంచు పునర్నిర్మాణం ఒకటి ఉంది. గియోర్గ్ ర్యోమర్ అనే శిల్పి మొదటి ప్రపంచయుద్ధం తరువాత చేశాడు. పాంపేలో దొరికి నేపుల్స్ మ్యూజియంలో ఉన్న పాలరాతి ప్రతిలో కాలి పక్కన మోడు ఉంటుంది. ర్యోమర్ కంచులో అది లేదు. ప్రతుల మీదుగా వెనక్కి నడిచి, రాయి చేర్చినదాన్ని రాయికే వదిలేశాడు. ప్రతి చేయడమంటే ఆలోచించడం కూడా అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

మోడు కంటే విచిత్రమైనది తల. నా యువకుడు ముందుకు, నేల వైపు చూస్తున్నాడు. లూషియన్ అనే ప్రాచీన రచయిత మైరాన్ శిల్పాన్ని వర్ణిస్తూ, డిస్కస్ పట్టిన చేతి వైపు వెనక్కి తిరిగి ఉన్నాడని స్పష్టంగా చెప్పాడు. 1781లో ఎస్క్విలైన్ మీద దొరికిన ప్రతిలో తల విరగకుండా ఉంది, అది వెనక్కే తిరిగి ఉంది. కానీ టౌన్లీ కొన్న బొమ్మకు తల లేదు. బాగుచేసినవాళ్లు వేరే విగ్రహానిదైన ఒక పాత తలను తెచ్చి అతికించారు, అదీ ముఖం ముందుకు ఉండేలా. ఆ తప్పు అక్కడే ఆగలేదు. టౌన్లీ బొమ్మ పేరుపొందింది, దాన్ని చూసి మూసలు తీశారు, ఆ మూసల నుంచి చిన్నా పెద్దా కంచు బొమ్మలు వచ్చాయి. రోమ్ పనిశాలలో ఒకడు చేసిన పొరపాటు వందేళ్ల తరువాత కంచులో గట్టిపడి, హైదరాబాదులో నా బల్ల మీద నేలచూపులు చూస్తోంది. ఆ తప్పును చూసే నా బొమ్మ వంశవృక్షాన్ని నేను పోల్చుకోగలిగాను: మైరాన్ కంచు, హాడ్రియన్ కాలపు రాయి, టౌన్లీ తల, ఆ తరువాత పేరు తెలియని కొలిమి. తప్పుల పోలికను బట్టి తాళపత్రాల వంశాన్ని తేల్చే పండితులు ఈ ఆనందాన్ని బాగా ఎరుగుదురు.

ఇంతవరకు చెప్పినది రాతి ప్రతుల మాట. కంచు సంగతి ఇంకా లోతైనది. కంచు విషయంలో "అసలు" అన్న మాటే నిలవదు.

గ్రీకు పోతగాళ్లు పెద్ద బొమ్మలకు వాడిన పద్ధతిలో ముందు మట్టితో నమూనా చేస్తారు. దాని మీద ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు. ఆ అచ్చు లోపల మైనాన్ని పలుచగా పట్టిస్తారు. మైనపు తొడుగు లోపల మట్టి కూరి, బయట మట్టి కప్పి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన సందులో కంచు పోస్తారు. తల వేరుగా, చేతులు వేరుగా పోసి అతుకుతారు. అతుకుల మీద ఆకురాయి పట్టి, సుత్తితో నునుపుచేసి, చిన్న చిన్న కంచు పట్టీలతో రంధ్రాలు పూడుస్తారు. ఇందులో నమూనా పాడుకాదు, అచ్చు కూడా పాడుకాదు. కావాలంటే రెండో బొమ్మ, మూడో బొమ్మ పోయవచ్చు. పోశారు కూడా. ఎఫెసస్‌లో 1896లో 234 ముక్కలుగా దొరికి, వియన్నాలో నిలబెట్టిన క్రీడాకారుడు, క్రొయేషియా సముద్రంలో దొరికినవాడు, అమెరికాలోని ఫోర్ట్‌వర్త్ నగరంలో ఉన్న ఒక తల, ఈ మూడూ ఒకే మనిషి, ఒకే భంగిమ. మూడూ ప్రాచీన కాలపు కంచులే. ఈ మూడింటిలో అసలు ఏదో చూపించమని నా మిత్రుణ్ని అడగాలని ఉంది.

ఏథెన్స్ సంతలో ఒక హెర్మీస్ కంచు విగ్రహం ఉండేదని లూషియన్ రాశాడు. శిల్పులు రోజూ వచ్చి దాని మీద మూసలు తీసుకుపోవడం వల్ల ఒళ్లంతా కీలు (తారు) పట్టి ఉండేదట. నేపుల్స్‌కు దగ్గరలో బాయీ అనే చోట 1954లో కొన్ని గచ్చు ముక్కలు దొరికాయి. అవి గ్రీకు కంచు విగ్రహాల మీద నేరుగా తీసిన అచ్చుల నుంచి పోసినవి. రోమన్ పనిశాల నమూనాల కోసం దాచుకున్న సరుకు. హెర్క్యులేనియంలో, పపైరస్ (ప్రాచీన కాగితం) చుట్టలు దొరికిన ఒక పెద్ద మేడలో పోలిక్లీటోస్ బల్లెంవీరుడి తల ఒకటి కంచులో దొరికింది. అందమైన ప్రతి అది. దాని మీద గ్రీకు అక్షరాల్లో ఒక సంతకం ఉంది. "పోలిక్లీటోస్" అని లేదు. "అర్ఖియాస్ కొడుకు, ఏథెన్స్‌వాడు అపొల్లోనియోస్ చేశాడు" అని ఉంది.

ఆ సంతకం గురించి చదివిన రోజు నేను చాలాసేపు మరో పని చేయలేకపోయాను. రెండువేల ఏళ్ల కిందట ఒక పనివాడు, తనకు నాలుగువందల ఏళ్ల ముందువాడి శిల్పాన్ని ఎత్తి పోసి, సిగ్గుపడకుండా, దాచకుండా, తండ్రి పేరుతో సహా తన పేరు చెక్కుకున్నాడు. కొన్న రోమన్ ధనవంతుడికీ అందులో తప్పు కనిపించలేదు. ప్రతి చేయడం పని, ఆ పనికి ఒక మనిషి ఉన్నాడు అన్న సంగతి వాళ్లిద్దరికీ తెలుసు. మనం మరిచిపోయాం.

ఇంకొక మాట. ఆ క్రీడాకారుల ముఖాలైనా వాళ్లవేనా అంటే, చాలావరకు కావు. ఒలింపియాలో మూడుసార్లు గెలిచినవాడికే అచ్చం తన పోలికలతో విగ్రహం పెట్టే ఆచారం ఉండేదని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. మిగిలినవాళ్లకు దక్కినది ఒక ఆదర్శ శరీరం, ఒక ఆదర్శ ముఖం. గెలిచిన కుర్రవాడి తల్లి వచ్చి చూసినా ఆ విగ్రహంలో తన కొడుకు కంటే గ్రీసు మొత్తం మెచ్చిన యువకుడే ఎక్కువగా కనిపించి ఉంటాడు. మొదటి కంచు నాడే అది ఒక నమూనాకు ప్రతి.

నేపుల్స్ వెళ్లినప్పుడు పురావస్తు మ్యూజియంలో హెర్క్యులేనియం పరుగువీరుల ముందు నిలబడ్డాను. ఇద్దరు కుర్రవాళ్లు, ముందుకు ఒంగి, చేతులు చాపి, ఇప్పుడో ఇంకాసేపటికో పరుగు తీయబోతున్నారు. 1754లో సొరంగాలు తవ్వి బయటికి తీశారు. చాలాకాలం వాళ్లను మల్లులు అనుకున్నారు. కళ్లు వేరే పదార్థంతో పొదిగినవి, తెల్లగుడ్డు, నల్లగుడ్డు స్పష్టంగా ఉన్నాయి. మనల్ని చూడవు, మన వెనక ఎక్కడో ఉన్న గీతను చూస్తాయి. ఆ చూపు ముందు నిలబడితే పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. నేను నిజంగానే తప్పుకున్నాను.

ఈ ఇద్దరి ప్రతులే పంతొమ్మిదో శతాబ్దం చివర నేపుల్స్ నుంచి లోకమంతా వెళ్లాయి. 1870లో జెన్నారో కియురాజ్జి పెట్టిన పోతశాల వాటిలో పెద్ద పేరు. జర్మనీ నుంచి వచ్చి నేపుల్స్‌లో స్థిరపడిన ఫొటోగ్రాఫర్ జార్జో సొమ్మర్ కూడా ఫొటోలతోపాటు కంచు ప్రతులు అమ్మేవాడు. అంతకు వందేళ్ల ముందు రోమ్‌లో జొఫోలి, రిగెట్టి కుటుంబాలు విహారయాత్రకు వచ్చిన ఇంగ్లీషు దొరబాబుల కోసం చిన్న బొమ్మలు పోసి, ధరల పట్టికలు కూడా అచ్చు వేయించాయి. పారిస్‌లో అషీల్ కొలాస్ పెద్ద విగ్రహాన్ని అదే కొలతల నిష్పత్తిలో చిన్నదిగా చెక్కే యంత్రాన్ని తయారుచేస్తే, ఫెర్డినాండ్ బార్బెడియెన్ దాన్ని ఆసరా చేసుకొని 1838 నుంచి పెద్ద వ్యాపారం నడిపాడు. ఆ బొమ్మల మీద కొలాస్ పేరుతో చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. అయితే నా మనసు నేపుల్స్ వైపే మొగ్గుతుంది. అక్కడివాళ్లు పూర్తి పరిమాణంలో పోశారు, మైనపు పద్ధతిలో పోశారు, అసలు విగ్రహాలున్న ఊళ్లోనే కూర్చుని పోశారు. ఫిలడెల్ఫియాలో వ్యాపారి జాన్ వానమేకర్ ఆ ప్రతులను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి పెన్ మ్యూజియానికి ఇచ్చాడు. కాలిఫోర్నియాలో చమురు సంపన్నుడు జె. పాల్ గెట్టీ హెర్క్యులేనియం మేడ నమూనాలోనే మ్యూజియం కట్టించి, పరుగువీరుల కియురాజ్జి ప్రతులను తోటలో, నీటికొలను పక్కన నిలబెట్టించాడు. నేపుల్స్‌లో అసలు పరుగువీరులు గదిలో ఉన్నారు. ఎండ పడుతున్నది ప్రతుల మీదనే. ప్రాచీనులు వాటిని నిలబెట్టింది కూడా ఎండలోనే.

ఎండ అన్నాను కాబట్టి రంగు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రతుల మీద నాకున్న ఒకే ఒక గట్టి ఫిర్యాదు ఇక్కడే ఉంది. నేపుల్స్ పోతశాలలు ఒకే బొమ్మను మూడు రంగుల్లో ఇచ్చేవి. పాంపే పేరుతో ఆకుపచ్చ చిలుము, హెర్క్యులేనియం పేరుతో ముదురు నలుపు, పునరుజ్జీవన కాలపు పేరుతో మెరిసే గోధుమరంగు. ఆమ్లాలు, లవణాలు పూసి, వేడిచేసి, వందల ఏళ్ల చిలుమును కొద్దిరోజుల్లో పట్టించేవారు. అదీ ఒక విద్యే, కాదనను. కానీ ఆ ఆకుపచ్చ, ఆ నలుపు మట్టిలోనూ బూడిదలోనూ పడి ఉన్నందువల్ల వచ్చినవి, ఆపైన బాగుచేసినవాళ్ల చేతుల్లో వచ్చినవి. గ్రీకు క్రీడాకారుడి రంగు అది కాదు. కొత్త కంచు, నూటికి తొంభై పాళ్ల రాగి, పది పాళ్ల తగరం, బంగారు ఛాయ కలిసిన గోధుమరంగులో ఉంటుంది. (మన ఇళ్లలో కంచాలకూ గంటలకూ వాడే కంచులో తగరం పాలు ఇంకా ఎక్కువ, అందుకే అది అంత బాగా మోగుతుంది.) ఒంటికి ఆలివ్ నూనె పట్టించుకుని, దిగంబరంగా, ఎండలో ఆడిన కుర్రవాడి చర్మం రంగు అదే. తాలింఖానాలో నూనె రాసుకుని గోదాలోకి దిగిన పహిల్వాన్‌ను ఉదయపు ఎండలో చూసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. పెదవులకు ఎర్రరాగి అతికేవారు. రోమ్‌లో 1885లో దొరికిన, అలసి కూర్చున్న ముష్టియోధుడి ముఖం మీది గాయాలను, కారిన నెత్తురు బొట్లను రాగితోనే పొదిగారు. పలాజ్జో మస్సిమో మ్యూజియంలో ఆయన ముందు మోకాళ్ల ఎత్తుకు వంగి చూస్తే ఆ ఎరుపు ఇంకా కనిపిస్తుంది. అదే మ్యూజియంలో 1781 నాటి డిస్కస్ వీరుడి పాలరాయీ ఉంది. ఒకటి కంచు, నెత్తురుతో సహా. ఇంకొకటి రాయి, తెల్లగా, శుభ్రంగా, చల్లగా.

ఆ తెలుపుకూ ఒక చరిత్ర ఉంది, దాన్ని దాటవేస్తే నా వాదన నిజాయితీగా ఉండదు. ఆ పాలరాతి వీరుణ్ని 1938లో హిట్లర్ కొని మ్యూనిక్‌కు తీసుకుపోయాడు, శ్రేష్ఠమైన జాతి శరీరమంటే ఇదేనని జనానికి చూపించాడు. 1948లో గానీ బొమ్మ ఇటలీకి తిరిగి రాలేదు. ప్రతులు మంచిని మాత్రమే మోయవు. తెల్లరాయి గ్రీసు, ఆకుపచ్చ చిలుము గ్రీసు, రెండూ మనుషులు తమ అవసరానికి తయారుచేసుకున్నవి. అందుకే ప్రతిని పక్కన పెట్టేయడం ప్రమాదం, గుడ్డిగా నమ్మడం ఇంకా ప్రమాదం. దాన్ని చదవాలి. ఎక్కడ మోడు చేరింది, ఎక్కడ తల తిరిగింది, ఎక్కడ రంగు పూశారు, ఎవరు ఎందుకు కొన్నారు, ఇవన్నీ అడుగుతూ చదవాలి. అలా చదివితే మూరెడు బొమ్మలో రెండున్నర వేల ఏళ్లు కనిపిస్తాయి.

హైదరాబాదువాళ్లకు ఇలా చదవడం కొత్త కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా ముందు ఎంతమంది గంటలతరబడి నిలబడలేదు! రాతిలో పలుచటి ముసుగు, దాని వెనక ముఖం. నా చిన్నప్పుడు నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. ఇటలీ శిల్పి బెంజోనీ ఆ రెబెకాను ఒక్కసారి కాదు, పలుమార్లు చెక్కించాడు. అమెరికాలో కూడా ఉన్నాయి. ఈ సంగతి తెలిశాక మన రెబెకా తరిగిపోయిందా? నాకు తరగలేదు. ఆ ముసుగు ముందు నాన్న భుజాల మీద నేను బిగబట్టిన ఊపిరి ఆ ఊపిరే.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ మ్యూజియమైనా, ఏ అమ్మకందారైనా, ఏ ఇంటి యజమానైనా ఇలాంటి కంచు బొమ్మ కింద రాసే చీటీలో "గ్రీకు శిల్పానికి నకలు" అని వదిలేయకుండా, ఏ శిల్పానికి ప్రతి, ఏ ఊళ్లో పోశారు, ఏ పోతశాల, సుమారుగా ఏ సంవత్సరం అన్న నాలుగు మాటలు చేర్చాలి. అపొల్లోనియోస్‌కు దక్కిన గౌరవం నేపుల్స్ పోతగాడికీ దక్కాలి.

ఎందుకింత పట్టుదల అంటే, నా బొమ్మకు ఆ గౌరవం దక్కకుండా పోయింది. ఐరోపాలో ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. దుకాణదారు ప్రాచీనమైనదే కావచ్చునన్నట్లు గొంతు తగ్గించి మాట్లాడాడు. నేను నమ్మలేదు, నచ్చి కొన్నాను. ఇంటికి వచ్చాక పీఠం పక్కన, చెట్టు మోడు వేరు కింద, చిటికెనవేలి గోరంత చోట రంగు వేరుగా ఉండడం గమనించాను. భూతద్దంతో చూస్తే సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. అక్కడ పోతశాల ముద్ర ఉండేది. ఎవరో ఆకురాయితో అరగదీసి, పైన ఆకుపచ్చ రంగు పూశారు, నూరేళ్ల బొమ్మను రెండువేల ఏళ్ల బొమ్మగా అమ్మడానికి. అసత్యం ఎక్కడుందో చూశారా? ప్రతి చేసినవాడు అబద్ధం ఆడలేదు. తన పేరు పెట్టుకున్నాడు. ఆ పేరును చెరిపినవాడు ఆడాడు. "అసలు" మాత్రమే విలువైనదని మనందరం నమ్ముతున్నందువల్లే ఆ ఆకురాయికి పని దొరికింది.

రెండేళ్ల కిందట శిల్పారామంలో చేతిపనుల సంత జరుగుతుంటే ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన, లోహపు బొమ్మలు పోసే ఓజ కులపు పెద్దాయన ఒకాయన పరిచయమయ్యాడు. ఏనుగులు, దీపపు సెమ్మెలు, గోండు దేవరల బొమ్మలు పరిచి కూర్చున్నాడు. ఆయన పద్ధతిలో మైనపు తీగలు మట్టి ముద్ద మీద చుట్టి నేరుగా బొమ్మ చేస్తారు. పోసిన తరువాత మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది, కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. మర్నాడు నా డిస్కస్ వీరుణ్ని గుడ్డలో చుట్టి ఆయన దగ్గరకు తీసుకువెళ్లాను.

ఆయన ముఖం చూడలేదు, కండలు చూడలేదు. తీసుకోగానే తలకిందులు చేశాడు. పీఠం అడుగున ఉన్న రంధ్రంలోకి వేలు పెట్టి లోపలి గోడను తడిమాడు. "పలుచగా వచ్చింది" అన్నాడు మెచ్చుకుంటూ. డిస్కస్ పట్టిన చేతిని భుజం దగ్గర గోటితో రెండుసార్లు గీసి, "ఈ చేయి వేరే పోసి అతికారు సార్, ఇక్కడ చూడండి" అని నా వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టాడు. పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు రోజూ చూసిన నాకు అది కనిపించలేదు. మోడును చూసి, "ఈ చెట్టు ఎందుకు? ఇది లేకపోయినా నిలబడతాడు కదా" అన్నాడు. మైరాన్, రోమ్, పాలరాయి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు.

తరువాత, "ఎవరు పోశారు?" అని అడిగాడు.

అసలా నకలా అని ఆయన అడగలేదు. నేను బొమ్మను పక్కకు వంచి, మోడు వేరు కింద ఆ అరిగిన చోటు చూపించాను. సంత రద్దీలో, పక్క దుకాణం దీపం వెలుగులో, ఆయన దాని మీద బొటనవేలు ఆనించి, ముందుకూ వెనక్కూ రుద్దుతూ చాలాసేపు ఊరుకున్నాడు. ఆ తరువాత బొమ్మను రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.